కంప్యూటరు లేవనప్పుడు



పిల్లల జ్వరాలు, పసుపులో దుంపకుళ్ళు, పెండ్లి ఖర్చులు చదువుకునే కుటుంబ పత్రికలో కంప్యూటరు సంగతి ఎందుకని పెద్దలు కొందరు అనుకోవచ్చును. కాని అది మన ఇండ్లలోనికి వచ్చి కూర్చున్నది. ఇబ్రహీంపట్నం మండలములో గోదావరి ఒడ్డునున్న ఎర్దండి మొదలుకొని వర్షకొండ వరకు, ఏ ఊరికి ప్రార్థన కూడికకు వెళ్ళినా ఏదో ఒక ఇంట్లో మూలన బల్ల మీద గుడ్డ కప్పిన కంప్యూటరు కనబడుతున్నది. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనులోనికి, టీ.వీ.లోనికి వచ్చిన తరువాత ఇవి ఎక్కువైనవి. కొన్ని దుబాయి నుండి, సౌదీ నుండి తండ్రులు తెచ్చిన లాప్‌టాపులు. కొన్ని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొన్న సెకండ్ హ్యాండ్ పెట్టెలు. పిల్లవాని ఇంజనీరింగు చదువు కొరకు బీడీల డబ్బు కూడబెట్టి తల్లి కొన్నవి కూడ ఉన్నవి.

ఇవి ఒక ఉదయము లేవవు. "అయ్యగారూ, నిన్న రాత్రి మంచిగనే నడిచింది, పొద్దుగాల ఆన్ అయితలేదు" అనే ఫోను మాకు నెలకు ఒకటి రెండు సార్లు వస్తుంది. మేము కంప్యూటరు ఇంజనీర్లము కాము. సంఘము పాటల పుస్తకము, లెక్కలు, సభ్యుల జాబితా చేసుకోవడానికి నేర్చుకున్న మాత్రమే మాకు తెలుసు. అయినా ఒక సంగతి చాలా ఇండ్లలో చూచి, బాధపడి, ఇది రాస్తున్నాము.

మా ఎరుకలో ఒక కుటుంబము ఉన్నది. తండ్రి పదునాలుగేండ్లు గల్ఫులో పనిచేసి అక్కడే చనిపోయినాడు. ఆయన పంపిన ఫోటోలు, పిల్లల పుట్టినరోజులకు పాడి పంపిన పాటలు, అన్నీ ఇంట్లోని కంప్యూటరులో ఉండేవి. అది ఒకనాడు తెర మీద గుండ్రని చుక్కలు తిరుగుతూ ఆగిపోయినది. ఆమె దానిని ఆటోలో పెట్టుకొని పట్నములోని ఒక దుకాణమునకు తీసుకొనిపోయినది. "అక్కా, ఫార్మాట్ కొట్టాలె" అన్నాడు పిల్లవాడు. ఆమెకు ఆ మాట తెలియదు, సరేనన్నది. సాయంత్రమునకు కంప్యూటరు కొత్తదానివలె లేచినది. లోపల ఏమీ లేదు. ఆ కంప్యూటరుకు వచ్చిన జబ్బు ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు, ఎందుకంటే చూడకముందే తుడిచివేసినారు.

ఫార్మాట్ అంటే పలకను తుడుచుట వంటిది. పలక విరిగినా, బలపము అరిగినా, పిల్లవానికి కండ్లు కనబడకపోయినా, అన్నిటికీ పలక తుడుచుటే మందు అన్నట్టుగా మన ఊళ్ళ దగ్గర ఈ మాట వాడుతున్నారు. కంప్యూటరు లేవకపోవడానికి గల కారణాలలో తుడవవలసినవి బహు కొద్ది. మీట నొక్కినా దీపము వెలగనిదానికి ఫార్మాట్‌తో ఏ సంబంధమూ లేదు. ఫార్మాట్ అయిన తరువాత వెంటనే ఆపివేస్తే ప్రత్యేకమైన సాఫ్టువేరుతో కొంత తిరిగి తీయవచ్చును గాని, దాని మీద మళ్ళీ విండోస్ ఎక్కించి వాడుతూ పోయినకొద్దీ ఆ ఆశ తగ్గిపోతుంది.

నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి మూడు దినములు ఊరకున్నాడు. తరువాత రాత్రివేళ, ఎవరికీ చెప్పకుండా, కొద్దిమందితో వెళ్ళి కూలిన గోడలను కాలిన గుమ్మములను ఒక్కొక్కటే చూచుకొన్నాడు. కట్టుట ఆ తరువాత సంగతి. కంప్యూటరు దగ్గర కూడ మనకు కావలసినది ఆ చూచుటయే. అది ఎక్కడి వరకు వచ్చి ఆగిపోయినదో తెలిస్తే సగము పని అయినట్టే.

మీట నొక్కగానే లోపల ఏమి జరుగుతుందో క్లుప్తముగా చెప్పుకుందాము. మొదట గోడ కరెంటు ఎస్.ఎమ్.పి.ఎస్. అనే డబ్బాలోనికి వచ్చి చిన్న చిన్న వోల్టులుగా మారి మదర్‌బోర్డుకు చేరుతుంది. అప్పుడు బయాస్ అనే చిన్న ప్రోగ్రాము మేలుకొని, ర్యామ్ ఉన్నదా, కీబోర్డు ఉన్నదా, డిస్కు ఉన్నదా అని లెక్క చూచుకుంటుంది. అన్నీ ఉంటే డిస్కులోని విండోస్‌ను పిలుస్తుంది. విండోస్ తన పనివారిని ఒక్కొక్కరిని లేపి, చివరకు మన పేరు అడుగుతుంది. ఈ నాలుగు మెట్లలో ఏ మెట్టు మీద జారిపడినదో తెర, దీపము, చప్పుడు చూచి చెప్పవచ్చును.

ఏ దీపమూ లేదు, ఏ ఫ్యానూ తిరుగుట లేదు అంటే మొదటి మెట్టే. మన పల్లెలలో సగము ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి. ముందు ఆ సాకెట్టులో ఫోను చార్జరు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డును నమ్మవద్దు; తీగను నేరుగా గోడకు పెట్టండి. యు.పి.ఎస్. వాడేవారు దానిని కూడ తప్పించి చూడండి. దాని బ్యాటరీ రెండు మూడేండ్లకు చచ్చిపోతుంది, చచ్చిన తరువాత కొన్ని యు.పి.ఎస్.లు కరెంటు ఉన్నా కంప్యూటరుకు అందనివ్వవు. పెట్టె వెనుక, తీగ గుచ్చే చోట ఒక చిన్న స్విచ్చి ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆగిపోయిన ఇండ్లు కూడ చూచినాము. వెనుక తీగ వదులై, బయటికి మాత్రము గుచ్చినట్టే కనబడడము మరీ సామాన్యము.

ఇవన్నీ సరిగా ఉంటే, తీగ పూర్తిగా తీసివేసి, పెట్టె మీది మీటను అర నిమిషము నొక్కి పట్టుకొని, మళ్ళీ తీగ పెట్టి చూడండి. లోపల నిలిచిన కరెంటు పోయి లేచినవి ఉన్నవి. లాప్‌టాపుకు కూడ ఇదే చికిత్స: చార్జరు తీసివేసి, మీటను అర నిమిషము నొక్కి పట్టి, చార్జరు పెట్టి పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు ఆన్ చేయాలి.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్.ఎమ్.పి.ఎస్. పోయి ఉండవచ్చును. మన దగ్గర ఇది ఎక్కువగా పోవడానికి కారణము ఉన్నది. గాలివాన వచ్చినప్పుడు కరెంటు నిమిషానికోసారి పోయి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఇంట్లో కావలసినది 230 వోల్టులు. బావుల దగ్గర మోటార్లు అన్నీ ఒకేసారి మొదలైనప్పుడు బల్బు ఎంత మసకగా వెలుగుతుందో మీకు తెలియనిది కాదు. కరెంటు పోగానే కంప్యూటరు స్విచ్చి ఆపివేసి, వచ్చి అయిదు నిమిషాలు నిలకడగా ఉన్న తరువాత వేసుకుంటే ఈ నష్టము చాలా తప్పుతుంది. ఉరుములప్పుడు కరెంటు తీగతో పాటు ఇంటర్నెట్టు తీగ కూడ పీకివేయండి. పిడుగు కరెంటు ఆ దారిన కూడ వస్తుంది. పిల్లలు ఇది మరచిపోతారు, అమ్మలు గుర్తుపెట్టుకుంటారు.

ఒక హెచ్చరిక. ఎస్.ఎమ్.పి.ఎస్. డబ్బాను మాత్రము ఎవరూ ఇంట్లో విప్పవద్దు. తీగ పీకిన తరువాత కూడ దాని లోపల ప్రాణము తీయగల కరెంటు నిలిచి ఉంటుంది. మరమ్మతు కన్న మార్చుటయే మేలు. అలాగే పెట్టెను ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటున్నదంటే ఇంటికి ఎర్తు లేదని అర్థము. మూడు కాళ్ళ ప్లగ్గులో లావుపాటి కాలును విరిచి రెండు కాళ్ళ సాకెట్టులో పెట్టే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉన్నది. ఇది కంప్యూటరు కన్న ముందు మనిషికి ప్రమాదము.

రెండవ మెట్టుకు వద్దాము. ఫ్యాను తిరుగుతున్నది, దీపము వెలుగుతున్నది, తెర మాత్రము నల్లగా ఉన్నది. మానిటరు కరెంటు తీగ, బొమ్మ తీగ రెండు కొసలూ తీసి పెట్టండి. మానిటరు తనంతట తాను "సిగ్నలు లేదు" అని చూపిస్తే మానిటరు బాగున్నదని తెలుస్తుంది. తప్పు పెట్టెలో ఉన్నది. మీట నొక్కగానే కూత వినబడుతున్నదేమో చెవి పెట్టండి. ఆగి ఆగి కూతలు, లేక ఆగకుండా కూత, ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క అర్థము. చాలా పాత పెట్టెలలో అది ర్యామ్ గురించిన మొర. ర్యామ్ అనేది పొడవాటి పచ్చని పట్టీ. కరెంటు తీగ పూర్తిగా తీసివేసి, పెట్టె ఇనుప అంచును ఒకసారి ముట్టుకొని, రెండు పక్కల క్లిప్పులు వదులు చేసి దానిని బయటికి తీసి, బంగారు రంగు గీతలను పిల్లల పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొడి ఊది, టక్కుమని శబ్దము వచ్చేవరకు తిరిగి కూర్చోబెట్టాలి. రెండు పట్టీలు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. దుకాణాలలో చేసేది కూడ ఇదే.

పెట్టె మూత తీసినప్పుడు దుమ్ము సంగతి చూచుకోండి. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టే నెలలలో ఇంట్లో వస్తువులన్నిటి మీద సన్నని పొడి పేరుకుంటుంది. బీడీలు చుట్టే ఇండ్లలో తంబాకు పొడి. ఇది ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలలో మెత్తగా అట్టకట్టుకొనిపోతే వేడి బయటికి పోదు. అటువంటి కంప్యూటరు లేస్తుంది, రెండు మూడు నిమిషాలలో తనంతట తాను ఆరిపోతుంది. వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఇది వైరస్ కాదు, ఊపిరాడకపోవడము. గోడలకు రంగు వేసే మెత్తని కుంచెతో, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని దులపాలి. తడిగుడ్డ పనికిరాదు.

ఇక్కడే ఇంకొక చిన్న వస్తువు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ వంటి గుండ్రని బ్యాటరీ ఉంటుంది. దాని మీద సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. కంప్యూటరు ఆపి ఉన్నప్పుడు తేదీని, గంటను, బయాస్ అమరికలను జ్ఞాపకము ఉంచేది అదే. అది అయిపోతే ఆన్ చేసిన ప్రతిసారీ నల్లని తెర మీద ఏదో ఇంగ్లీషు రాసి ఎఫ్1 నొక్కమంటుంది, తేదీ ఎన్నో ఏండ్లు వెనుకకు పోతుంది. తేదీ తప్పు అయితే బ్యాంకు, మీసేవ వంటి వెబ్‌సైట్లు కూడ తెరుచుకోవు, ఇంటర్నెట్టు చెడిపోయినదనుకుంటాము. గడియారాలు బాగుచేసే దుకాణములో కూడ ఈ బ్యాటరీ దొరుకుతుంది. పదుల రూపాయల వస్తువు కొరకు పెట్టెను ఆటోలో కోరుట్లకు, మెట్‌పల్లికి మోయవలసిన పని లేదు.

మూడవ మెట్టు. తెర వచ్చినది, కంపెనీ పేరు వచ్చినది, తరువాత "బూట్ డివైస్ దొరకలేదు" అనే అర్థము గల ఇంగ్లీషు వాక్యము. గుండె ఆగినంత పని అవుతుంది, కాని ముందు పెట్టెకు గుచ్చి మరచిపోయిన పెన్‌డ్రైవు ఉన్నదేమో చూడండి. పాత కాలములో ఫ్లాపీ మరచిపోతే ఇదే వచ్చేది. పెన్‌డ్రైవును డిస్కు అనుకొని అందులో విండోస్ వెదకి, లేదని చెప్తుంది. అది తీసి మళ్ళీ ఆన్ చేస్తే సరి. లేదంటే డిస్కు తీగలు వదులై ఉండవచ్చును. అవి సరిచేసి, ఆన్ చేస్తూనే ఎఫ్2 గాని డిలీట్ గాని వరుసగా నొక్కితే బయాస్ తెర వస్తుంది. అందులో మీ డిస్కు పేరు కనబడుతున్నదా? కనబడితే డిస్కు బ్రతికి ఉన్నది, విండోస్‌లో మాత్రమే లోపము. కనబడకపోతే తీగ గాని, డిస్కు గాని పోయినట్టు.

పాత హార్డ్‌డిస్కు లోపల అద్దము వంటి పళ్ళెము నిమిషానికి 5400 లేక 7200 చుట్లు తిరుగుతుంటుంది. దాని మీద వెంట్రుక కన్న తక్కువ ఎత్తులో ఒక సూది వంటి తల కదులుతుంటుంది. టక్, టక్, టక్ మని లయగా చప్పుడు వస్తున్నదంటే ఆ తల దారి తప్పినది. అప్పుడు మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడవద్దు. చేసిన ప్రతిసారీ పళ్ళెము గీసుకొనిపోతుంది. ఆపివేయండి. లోపల విలువైనవి ఉంటే హైదరాబాదులో డేటా రికవరీ మాత్రమే చేసేవారి వద్దకు పంపండి. వారి ఖర్చు వేలలో ఉంటుంది, కనుక అది కుటుంబము కూర్చొని ఆలోచించుకోవలసిన నిర్ణయము. కొత్తరకము ఎస్.ఎస్.డి.లకు చప్పుడు ఉండదు. అవి చెప్పకుండా పోతాయి.

నాలుగవ మెట్టు విండోస్. గుండ్రని చుక్కలు తిరుగుతూ ఉండవచ్చును, లేక నీలి తెర వచ్చి ఏదో రాసి తానే ఆగి మళ్ళీ మొదలు కావచ్చును. విండోస్ 11లో 2025 నుండి ఆ నీలి తెర నల్లగా మారినది, చూచి కంగారుపడవద్దు. తెర మీద "అప్‌డేట్ జరుగుతున్నది, ఆపవద్దు" అని ఉంటే గంట రెండు గంటలైనా ఓపిక పట్టండి. మధ్యలో ఆపివేసి చెడగొట్టుకున్నవారు చాలామంది. నీలి తెర అయితే ఫోనుతో దానిని ఫోటో తీసుకోండి. ఆ ఇంగ్లీషు మాటలే రోగము పేరు. దుకాణమునకు వెళ్ళినా ఆ ఫోటో చూపించండి.

ఈ మెట్టు మీద చెడిన కంప్యూటరును తుడవనవసరము లేదనుటకు లోకమంతా చూచిన సాక్ష్యము ఒకటి ఉన్నది. 2024 జూలై 19, శుక్రవారము. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ, పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్లకు కావలి కాసే సాఫ్టువేరు చేసే కంపెనీ, మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషాలకు లోపము గల ఒక ఫైలును అందరికీ పంపినది. 78 నిమిషాలలో దానిని వెనుకకు తీసుకున్నది. ఆ లోపలే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో కూలబడినవని మైక్రోసాఫ్టు లెక్క కట్టినది. విమానాలు ఆగినవి, ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడినవి. మన శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులు పెన్నుతో చేతితో రాసి ఇచ్చినారు. మన జిల్లా నుండి గల్ఫుకు పోయే సహోదరులు సాగనంపబడే విమానాశ్రయము అదే గనుక ఆ దినము ఆ వార్త మన ఇండ్లకు దగ్గరగానే తాకినది.

మరి వాటిని ఎట్లా లేపినారు? తుడిచి కాదు. ఒక్కొక్క కంప్యూటరు దగ్గరకు మనిషి వెళ్ళి, సేఫ్ మోడ్ అనే పద్ధతిలో దానిని లేపి, 291 అనే అంకె పేరులో ఉన్న ఆ ఒక్క ఫైలును తీసివేసి, మళ్ళీ ఆన్ చేసినాడు. చాలా వాటికి అంతే చాలినది. లోపలి కాగితములు, లెక్కలు, చిత్రములు అన్నీ ఉన్నచోటనే ఉన్నవి. (ఆ సాఫ్టువేరు కంపెనీలే వాడుతాయి గనుక మన ఇంటి కంప్యూటర్లకు ఆ దెబ్బ తగలలేదు.)

సేఫ్ మోడ్ అంటే విండోస్ తన పనివారిలో తప్పనిసరియైన కొద్దిమందిని మాత్రమే లేపి, మిగిలినవారిని నిద్రపోనిచ్చుట. వరుసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే విండోస్ తనంతట తానే మరమ్మతు తెరను చూపిస్తుంది. చూపించకపోతే, విండోస్ గుర్తు రాగానే మీటను పది సెకండ్లు నొక్కి ఆపి, ఇలా రెండుసార్లు చేస్తే మూడవసారి వస్తుంది. అందులో "ట్రబుల్‌షూట్", దాని లోపల "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" అని ఉంటాయి. మొదట "స్టార్టప్ రిపేర్" నొక్కి చూడండి. అప్‌డేట్ పడిన మరునాడే చెడినదైతే "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్". "సిస్టమ్ రిస్టోర్" అంటే కొద్ది రోజుల క్రిందటి అమరికలకు తిరిగిపోవడము. ఫోటోలను అది ముట్టుకోదు. "స్టార్టప్ సెట్టింగ్స్" లోనికి వెళ్ళి, మళ్ళీ మొదలైనప్పుడు 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో లేచినదంటే సంతోషించండి, వెంటనే పెన్‌డ్రైవు పెట్టి ముఖ్యమైనవన్నీ తీసుకోండి. చెడినది వెదకుట ఆ తరువాతనే.

అదే తెరలో "రీసెట్ దిస్ పీసీ" అని ఒకటి ఉంటుంది. దాని లోపల రెండు దారులు. ఒకటి మీ ఫైళ్ళు ఉంచి ప్రోగ్రాములు తీసివేస్తుంది, రెండవది అన్నిటినీ తీసివేస్తుంది. రెండిటి మధ్య ఒక్క నొక్కు మాత్రమే తేడా. కనుక ఫైళ్ళు బయటికి తీసుకోకముందు ఆ వైపునకు పోవద్దని మా మాట. సంఘములో తెలుగు టైపు కొరకు అను ఫాంట్లు వాడేవారు మొదటి దారిలో కూడ అవి పోతాయని తెలుసుకొని, వాటి సీడీని, తాళమును దగ్గర పెట్టుకోండి.

కొత్త లాప్‌టాపు కొన్న కుటుంబములకు ఒక ప్రత్యేకమైన మాట. వీటిలో చాలా వాటిలో బిట్‌లాకర్ అనే తాళము తనంతట తానే పడి ఉంటుంది. దొంగ ఎత్తుకొనిపోయినా లోపలిది చదవలేడు, అది మంచిదే. కాని మరమ్మతు సమయములో అది 48 అంకెల తాళపుచెవి అడుగుతుంది. అది లేకపోతే దుకాణదారుడు కాదు, మైక్రోసాఫ్టు కూడ తెరవలేదు. క్రౌడ్‌స్ట్రైక్ దినమున కూడ ఈ తాళము ఉన్న కంప్యూటర్ల దగ్గరనే ఎక్కువ ఆలస్యము అయినది. ఆ 48 అంకెలు సాధారణముగా లాప్‌టాపును మొదటిసారి తెరచినప్పుడు వాడిన మైక్రోసాఫ్టు ఖాతాలో దాగి ఉంటాయి. ఆ ఖాతా ఎవరిది? మన ఇండ్లలో అడిగితే, గల్ఫులో ఉన్న తండ్రిది అంటారు. ఆయన అక్కడ సిమ్ మార్చినాడు, పాస్‌వర్డు మరచినాడు. ఇంకా విచిత్రము, అమ్మిన దుకాణము పిల్లవాడు త్వరగా పని కావాలని తన సొంత ఖాతాతో తెరచి ఇచ్చినవి కూడ ఉన్నవి. కంప్యూటరు బాగున్న ఈ దినమే, ఫోనులో ఆ మైక్రోసాఫ్టు ఖాతా తెరచి, రికవరీ కీ చూచుకొని, నోటు పుస్తకములో రాసి, భూమి పాసు పుస్తకము దాచిన చోటనే దాచుకోండి.

విండోస్ ఎంతకూ లేవకపోయినా డిస్కు బ్రతికి ఉంటే లోపలివి తీయడానికి ఇంకా రెండు దారులు ఉన్నవి. డిస్కును విప్పి, యు.ఎస్.బి. తీగతో వేరే కంప్యూటరుకు తగిలిస్తే పెన్‌డ్రైవువలె తెరుచుకుంటుంది. లేదా ఉబుంటు అనే ఉచితమైన లైనక్సును వేరే కంప్యూటరులో ఒక పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని, దానితో చెడిన కంప్యూటరును లేపవచ్చును. డిస్కు మీద ఏమీ రాయకుండా, ఊరక చూచుకునే దారి అందులో ఉన్నది. ఎక్కించే దారి నొక్కకుండా జాగ్రత్త పడాలి. ఇంజనీరింగు చదివే పిల్లలు ప్రతి సంఘములో ఉన్నారు, వారికి ఇది పెద్ద పని కాదు. ఆదివారము ఆరాధన తరువాత వారిని అడగండి. అడిగించుకోవడము వారికి కూడ సంతోషమే. బిట్‌లాకర్ ఉంటే మాత్రము ఈ రెండు దారులలోనూ ఆ 48 అంకెలు కావలెను.

అడగకూడని వారు కూడ ఉన్నారు. తెర నిండా ఎర్రగా "మీ కంప్యూటరు చెడినది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని రావడము, లేక మైక్రోసాఫ్టు నుండి అని ఎవరో ఫోను చేయడము మోసము. మైక్రోసాఫ్టు ఎవరికీ అట్లా ఫోను చేయదు. వారు చెప్పినది ఎక్కించుకుంటే మన కంప్యూటరు వారి చేతిలోనికి పోతుంది, తరువాత బ్యాంకు. డబ్బు పోయినట్టు తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైనకొద్దీ తిరిగి వచ్చే ఆశ తగ్గుతుంది.

బుద్ధిగల కన్యకలు దివిటీలతో పాటు సిద్దెలలో నూనె వేరుగా తీసుకొనిపోయినారు. కంప్యూటరువారు బ్యాకప్ అనేది దాదాపు అదే. పిల్లల మార్కుల మెమోలలో దొరికినవి డిజిలాకరులో పెట్టుకోండి, ఆ సౌకర్యము 2015 నుండి ఉన్నది. ఫోటోలకు ఒక పెన్‌డ్రైవు గాని బయటి డిస్కు గాని కొని, నెలకొకసారి ఎక్కించి, కంప్యూటరు నుండి తీసి బీరువాలో పెట్టండి. గుచ్చియే ఉంచితే పిడుగు రెండిటినీ తీసుకొనిపోతుంది. సంఘ కాపరులకు, కార్యదర్శులకు ఒక మాట: బాప్తిస్మము రిజిష్టరును, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము క్రింద ఉంచే వివాహ రిజిష్టరును కాగితము మీదనే ఉంచండి. కంప్యూటరులో నకలు పెట్టుకోండి, కాగితమును మాత్రము తీసివేయవద్దు. పెండ్లి ధృవపత్రము కొరకు ఇరువది ఏండ్ల తరువాత వీసా కాగితములు పట్టుకొని వచ్చే బిడ్డకు "డిస్కు పోయినది" అని మనము చెప్పలేము.

విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ దినము నుండి ఆ కంప్యూటర్లు లేవడము మానలేదు, మానవు కూడ. భద్రతకు సంబంధించిన కొత్త అతుకులు మాత్రము మామూలుగా రావు. "విండోస్ 10 బంద్ అయింది, పెట్టె మార్చాలె" అని ఎవరైనా మీ పెట్టె లేవకపోవడానికి అదే కారణముగా చెప్తే నమ్మవద్దు. బ్యాంకు పనులు చేసే కంప్యూటరైతే విండోస్ 11కు గాని, పాత పెట్టె దానిని మోయలేకపోతే ఉబుంటు వంటి దానికి గాని మారడము మంచిదే. అది తీరికగా, ఫైళ్ళు తీసిపెట్టుకొని చేసుకునే పని.

ఇక దుకాణమునకు పోవలసియే వస్తే. అక్కడి పిల్లలు చెడ్డవారని మేము చెప్పుట లేదు. దినమునకు పది పెట్టెలు బాగుచేసే పిల్లవానికి ఫార్మాట్ అరగంట పని, రోగము వెదకుట అరదినము పని. మనము అడగము గనుక అతడు చేయడు. పెట్టె బల్ల మీద పెట్టకముందే, "తమ్మీ, ఇందులో ఫోటోలు, కాగితాలు ఉన్నయి. ముందుగాల అవి తీసి పెట్టు, నాకు చూపెట్టు. నన్ను అడగకుండ ఫార్మాట్ చెయ్యకు" అని చెప్పండి. దీనిని కాగితము మీద రాసి పెట్టెకు టేపుతో అంటించండి, ఎందుకంటే తీసుకున్నవాడు ఒకడు, బాగుచేసేవాడు ఇంకొకడు. ఫైళ్ళు తీసినందుకు వేరుగా డబ్బు అడిగితే ఇవ్వండి, అది న్యాయమైన కూలి. ఏ వస్తువు మార్చినాడో బిల్లు మీద రాయించుకోండి. తీసివేసిన పాత డిస్కును మాత్రము అక్కడ వదలవద్దు. అది పని చేయకపోయినా మీ ఆధార్, మీ బ్యాంకు కాగితములు, మీ ఇంటివారి ముఖములు దాని లోపలనే ఉన్నవి. ఇంటికి తెచ్చి, ఒక బట్టలో చుట్టి, పేరు, తేదీ రాసి దాచండి.